పెద్దాయన నాకు ఒక్కటీ చెప్పలేదు

మంగళవారం పొద్దున షాపు షట్టరు సగం ఎత్తాను. ఫోన్ మోగింది. ఓనర్.

"షాపు తియ్యకు. అదీర్ పోయాడు. నిద్రలోనే. మధ్యాహ్నం నమాజు తర్వాత ఖననం," అన్నాడు.

సగం ఎత్తిన షట్టరును పట్టుకుని అలాగే నిలబడ్డాను. వంగి చూస్తే లోపల ఆయన కూర్చునే సీటు కింది చెక్కదిమ్మ కనిపిస్తోంది. దించేశాను.

సియాటెల్‌కి దక్షిణాన, ఎయిర్‌పోర్ట్ పక్కన, టాక్సీలు రిపేర్ చేసే చిన్న షాపు మాది. మాది అంటే నాది కాదు, నేను అక్కడ మెకానిక్‌ని. ఓనర్ సొమాలీ. పోయిన పెద్దాయన ఓనర్‌కి బాబాయి. సొమాలీలో బాబాయిని అదీర్ అంటారు. పెద్దవయసు మగవాళ్ళెవరినైనా అలాగే పిలుస్తారు. ఇంకో సంగతి, ఆ పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని కూడా అదే వరసతో తిరిగి పిలుస్తారు. నేను "అదీర్" అంటే ఆయనా నన్ను "అదీర్" అనేవాడు. పనిలో చేరిన మొదటి వారం దానికి ఎంత పొంగిపోయానో చెప్పలేను. తర్వాత తెలిసింది, ఎయిర్‌పోర్ట్ క్యూలో ఉన్న డ్రైవర్లందరినీ ఆయన అలాగే పిలుస్తాడని. నాకొక్కడికే అయితే బాగుండేది.

ముందే చెప్పేస్తున్నాను, ఇదంతా ఇలాగే ఉంటుంది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మనసు కాస్త పెద్దది చేసుకోవాలని తెలుసు. ప్రయత్నించాను. ఆయన మీద నాకెంత గౌరవమో, ఆయన దగ్గర ఏదో ఒకటి అందుకుని వెళ్ళినవాళ్ళ మీద అంత కుళ్ళు. రెండింటినీ విడదీసి రాయడం నాకు చేతకాలేదు.

వాళ్ళు అందుకున్నది ఏమిటంటే, మాట. సొమాలీలో మాహ్‌మాహ్ అంటారు. మన సామెత లాంటిది. పెద్దాయన దగ్గర అవి ఎన్ని ఉండేవో ఎవరికీ తెలియదు. ఒంటె ఉండేది, బావి ఉండేది, దుమ్ములగొండి ఉండేది, గుడారం తాడు ఉండేది. అన్నీ పొట్టివి. మాటల మొదట్లో ఒకే శబ్దం మళ్ళీ మళ్ళీ వచ్చేది. ఒకసారి ఇంటికొచ్చి అమ్మకి ఒకటి వినిపిస్తే, అర్థం తెలియకుండానే, "యతి పడిందిరా," అంది. అమ్మ ఇక్కడ ఇండియన్ కిరాణా షాపు వంటగదిలో కూరలు చేస్తుంది. ఊళ్ళో ఉన్నప్పుడు పద్యాలు బాగా పాడేదట.

ఆ మాటలు ఒక్కటి కూడా ఇక్కడ రాయను. రాయడం రాక కాదు. అవి నావి కావు. ఎవరి తగాదాలో చెప్పినది వాళ్ళది. నాకు చెప్పి ఉంటే రాసేవాణ్ణి.

ఆయన సొమాలీలాండ్‌లో లారీ నడిపాడు, రేవు నుంచి కొండమీది ఊళ్ళకి. ఇక్కడికొచ్చి టాక్సీ నడిపాడు. మోకాళ్ళు పోయాక నడపడం ఆపి, పొద్దున్నే షాపుకొచ్చి కూర్చునేవాడు. ఫోన్ ఎత్తడం, టీ కాయడం, డ్రైవర్ల తగాదాలు తీర్చడం ఆయన పనులు. ఎవరూ అప్పజెప్పలేదు. ఆయన టాక్సీని తుక్కుకి ఇచ్చే ముందు డ్రైవర్ సీటు ఊడదీసి, చెక్కదిమ్మ మీద బిగించి, ముందు గదిలో పెట్టింది నేను. పడిపోకుండా ఉంటావని వేళాకోళానికి బెల్టు కూడా తగిలించాను. ఆయన నవ్వలేదు. కూర్చుని చూసి, "వెనక్కి వాలడం లేదు," అన్నాడు. మర్నాడు వాలేలా చేశాను. "ఎక్కువ వాలుతోంది," అన్నాడు.

నేను వేళాకోళానికి పెట్టిన ఆ బెల్టే తర్వాత కోర్టులో జడ్జి కొట్టే సుత్తి అయి కూర్చుంది. డ్రైవర్లు తగువు పడుతుంటే ఆయన బెల్టు కొసని చేతిలో ఆడిస్తూ వినేవాడు. ఇటువైపు మాట, అటువైపు మాట, అరుపులు, పాత సంగతులు, పెళ్ళాల తరఫు చుట్టాలు. అన్నీ అయ్యేదాకా వినేవాడు. చివరికి బెల్టు కొసని బకిల్‌లో గుచ్చేవాడు. క్లిక్. అంతే, గది నిశ్శబ్దం. అప్పుడు చెప్పేవాడు, పాతవాళ్ళు అన్నారు అని మొదలుపెట్టి. పక్కవాళ్ళు "హయే" అనేవాళ్ళు, చెప్పు, వింటున్నాం అని. మాట పడేది. ఇక ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

ఒకసారి ఇద్దరు కజిన్స్ వచ్చారు. ఒకడు పెళ్ళికి వెళ్ళాలని రెండోవాడి కారు అడిగి తీసుకెళ్ళాడు. బంపర్ గీసుకుపోయింది.

"పార్కింగ్‌లో ఎవడో గీశాడు, నేను కాదు," అన్నాడు మొదటివాడు.

"కారు నీ చేతిలో ఉంది కదా. పార్కింగ్‌లో నీ అత్తగారు ఉందా?" అన్నాడు రెండోవాడు.

"మా అత్తగారి ఊసెత్తకు."

"ఎత్తుతాను. ఆవిడ్ని దింపడానికేగా కారు తీసుకెళ్ళావ్."

నేను కారు కింద పడుకుని వింటున్నాను, షాపులో ఉండి ఉండి సొమాలీ నాకు చెవికెక్కింది. గంట సేపు నడిచింది. క్లిక్ మంది. పెద్దాయన ఒక్క వాక్యం చెప్పాడు. కాసేపటికి కారు కింద నుంచి నాకు నాలుగు బూట్లు కనబడ్డాయి, రెండు జతలూ టీ ఫ్లాస్కు వైపు నడుస్తూ. నాకు ఒళ్ళు మండింది. గంట సేపు అరిచిన ఆ ఇద్దరు మూర్ఖులకి అంత మంచి వాక్యమా?

వాళ్ళు వెళ్ళాక అడిగాను, "ఎలా పని చేస్తాయి అదీర్ ఇవి? నువ్వు చెప్పిందే మామూలుగా చెప్తే వినరు కదా."

"నేను చెప్తే కాదంటారు. చెప్పింది నేను కాదు. ఎప్పుడో చచ్చిపోయిన ముసలాళ్ళు. వాళ్ళతో ఎవడు వాదిస్తాడు? వీడు వాడికి ఓడిపోలేదు, వాడు వీడికి ఓడిపోలేదు. ఇద్దరూ ముసలాళ్ళకి ఓడిపోయారు. అందులో పరువు పోయేదేముంది?"

"నాకూ ఒకటి చెప్పు."

"నీకు తగాదా ఏముంది?"

"నీతోనే ఉంది."

"అయితే ఆ కారు కింద నుంచి బయటికొచ్చి మాట్లాడు," అన్నాడు.

నాతో ఆయన మాటలన్నీ ఇలాంటివే. టీలో చక్కెర గురించి కొట్లాట. ఆయన కాచే టీలో యాలకులు, దాల్చినచెక్క, అల్లం, వాటిని మించి చక్కెర. నేను వద్దంటే, చక్కెర లేని టీ రోగులకి అనేవాడు. షుగర్ జబ్బు ఉన్నది ఆయనకి. అమ్మ పంపిన పులిహోర మీద ఆయన అరటిపండు వలిచి పెట్టుకుని కలిపి తినేవాడు. వాళ్ళకి అన్నంతో అరటిపండు మామూలే. నాకు మాత్రం చూడ్డానికి కష్టంగా ఉండేది.

"పులిహోరలోనా అదీర్? మా అమ్మ చూస్తే ఏడుస్తుంది."

"మీ అమ్మకి చెప్పు, అరటిపండు పంపడం మర్చిపోయిందని."

అమ్మకి చెప్పాను. ఏడవలేదు. తర్వాతి నుంచి డబ్బాతో పాటు అరటిపండు కూడా పెట్టేది. అంటే మా అమ్మ కూడా ఆయన వైపే.

హిందీ సినిమాలు చూసి పెరిగిన మనిషి. నాకు హిందీ వచ్చని ఆయన నమ్మకం. నాకు రాదు. ఎనిమిదో తరగతిలో ఇక్కడికొచ్చాను, తెలుగు మర్చిపోకుండా ఉంచుకోవడానికే చచ్చాను. దొరికిందల్లా చదువుకుని రాయడం నిలబెట్టుకున్నాను. హిందీ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆయన హిందీలో ఏదో పాట పల్లవి ఎత్తుకుని, నేను అందుకోకపోతే, "నువ్వు ఇండియా నుంచి వచ్చావా, ఇంకెక్కణ్ణుంచైనా వచ్చావా?" అనేవాడు.

అన్నింటికన్నా పెద్ద కొట్లాట పరీక్ష గురించి. మెకానిక్ సర్టిఫికెట్ పరీక్షలు రాయమని పోరేవాడు. నేను కాలేజీ మధ్యలో వదిలేశాను. పని చూసి నేర్చుకున్నాను, విరగ్గొట్టి నేర్చుకున్నాను, వీడియోలు చూసి నేర్చుకున్నాను. బ్రేకుల పని తెలిసినవాణ్ణి అని చెప్పడానికి కాగితం ఎందుకు, బ్రేకు తొక్కి చూసుకోమనండి, అని నా వాదన.

"ఈ షాపు మూతపడితే ఎవడు తొక్కి చూస్తాడు?" అనేవాడు ఆయన.

"ఎందుకు మూతపడుతుంది?"

"షాపులు మూతపడతాయి. దేశాలే మూతపడ్డాయి, నేను చూశాను."

"నన్ను వదిలెయ్ అదీర్."

"నిన్ను ఎవడు పట్టుకున్నాడు? పరీక్ష రాసి నువ్వే పో."

ఇలా రోజూ. ఒక్కరోజు కూడా బెల్టు కొస బకిల్‌లో పెట్టలేదు. నా విషయంలో క్లిక్ మన్న శబ్దమే లేదు. నేను వెయిట్ చేసేవాణ్ణి. ఇవాళైనా విసిగిపోయి గుచ్చుతాడు, పాతవాళ్ళు అన్నారు అంటాడు, హయే అనడానికి నేను రెడీ, అనుకుంటూ. ఆయన బెల్టు వదిలేసి చేతులు తిప్పుతూ అరిచేవాడు.

రెడ్‌మండ్ ఊరి నుంచి వచ్చే ఒక అన్న సంగతి చెప్పాలి. ఆయన తెలుగాయనే, సాఫ్ట్‌వేర్. డీలర్ దగ్గర కంటే ఇక్కడ నయమని కారు తెచ్చేవాడు. ఒకరోజు ముందు గదిలో కూర్చుని, ఫోన్లో భార్యతో గొడవ. అన్న వాళ్ళమ్మ గారు వస్తున్నారు, ఆర్నెల్లు ఉంటారు, పిల్లల గది ఆవిడకి ఇవ్వాలా, హాల్లో మంచం వెయ్యాలా అన్నది తగువు. ఫోన్ పెట్టేసి తల పట్టుకున్నాడు. పెద్దాయనకి తెలుగు ముక్క రాదు. అయినా, "ఇంటి గొడవా?" అని అడిగాడు. అన్న ఇంగ్లీషులో అంతా చెప్పాడు. క్లిక్.

మొదటిసారి వచ్చిన మనిషి. కారు ఇంకా లిఫ్ట్ మీద ఉంది. అతనికి ఒక మాహ్‌మాహ్. నేను రెంచి పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

అన్న దాన్ని వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. ఆఫీసు మీటింగులో స్లైడ్ మీద పెట్టాడట. తర్వాత తలా ఒక వంటకం తెచ్చే ఒక పాట్‌లక్ భోజనంలో నా ఎదురుగానే పదిమందికీ చెప్పాడు, ఆఫ్రికన్ సామెత అని.

"సొమాలీ అన్నా," అన్నాను.

"అదే తమ్ముడూ, ఆఫ్రికాయే కదా."

"నీది తెలుగు సామెత అయితే ఆసియా సామెత అంటావా?"

"కూల్ డౌన్ తమ్ముడూ, పప్పు వేసుకో."

పెద్దాయనకి ఫిర్యాదు చేశాను. స్లైడ్ మీద పెట్టాడంటే కోపం వస్తుందనుకున్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు. "వాళ్ళ ఆఫీసులో తగాదా తీరిందా?" అని అడిగాడు. నా ఫిర్యాదుకి దక్కింది అదే.

ఖననానికి వెళ్ళాను. ఎండ లేదు, వాన లేదు, ఈ ఊరి మామూలు ఆకాశం. వరసగా నిలబడి అందరూ మట్టి వేశారు, నేనూ వేశాను. తర్వాత ఇంట్లో సంతాపానికి కూర్చున్నాం. మగవాళ్ళు హాల్లో, ఆడవాళ్ళు లోపల. అన్నం, మేకమాంసం, అరటిపళ్ళు. తింటూ ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. నా పెళ్ళి ఆగిపోయేటప్పుడు ఆయన నాతో అన్నాడు, అని ఒకరు. నా తమ్ముడితో మాటల్లేనప్పుడు నాతో అన్నాడు, అని ఇంకొకరు. బంపర్ కజిన్స్ ఇద్దరూ ఒకే వాక్యాన్ని కలిసి చెప్పి, సగంలో ఆగిపోయి కళ్ళు తుడుచుకున్నారు. రెడ్‌మండ్ అన్న కూడా వచ్చాడు. తనది తను సొమాలీలో చెప్పాడు, పలకడం నేర్చుకుని మరీ. ఉచ్చారణ దారుణం. అయినా హాలంతా "హయే" అంది.

నా వంతు వచ్చేలోపు లేచి బయటికెళ్ళిపోయాను.

మెట్ల మీద ఒకమ్మాయి కూర్చుని ఉంది, చేతిలో ప్లేటు, ఒంటి మీద హాస్పిటల్ యూనిఫామ్. పెద్దాయన మనవరాలు. ఇక్కడే పుట్టిన పిల్ల. ఫోటోలో చూశాను, మాట్లాడలేదెప్పుడూ.

"షాపులో ఉండే ఆ మొండివాడివి నువ్వేనా?" అంది.

"ఎవరన్నారు?"

"అవూవె." అవూవె అంటే తాతయ్య. "రోజూ అన్నం ముందు కూర్చుంటే నీ మీద పితూరీలే. చక్కెర వద్దన్నాడు, పరీక్ష వద్దన్నాడు, ఇవాళ ఇలా అన్నాడు, రేపు ఇలా అంటాను చూడు అని. మాతో మాట్లాడ్డానికి ఓపిక ఉంటేగా. అరిచేదంతా నీ దగ్గర అరిచేసి వచ్చి టీవీ ముందు నిద్రపోయేవాడు."

ఆమె గొంతులో కోపం ఉంది. ఆ కోపం నాకు బాగా తెలుసు. నాలో ఉన్నదే.

"మీ తాతయ్య లోపలున్న అందరికీ ఒక్కొక్కటి ఇచ్చాడు. నాకు ఒక్క మాహ్‌మాహ్ చెప్పలేదు," అన్నాను.

"నాకూ చెప్పలేదు."

"నువ్వు మనవరాలివి."

"అందుకే చెప్పలేదు." అన్నం కెలుకుతూ అంది, "నేను నర్సింగ్ మానేస్తానంటే నెల రోజులు పోట్లాడాడు. గిన్నెలు విసిరాడు. ఒక్క పాత ముసలాయన మాటా తీసుకురాలేదు. మాహ్‌మాహ్ ఎందుకనుకుంటున్నావు? మనుషుల్ని ఇంటికి పంపడానికి. వాళ్ళ గోల అయిపోయి వాళ్ళు ఇంటికెళ్ళాలి. ఇంట్లోవాళ్ళని ఎక్కడికి పంపుతాడు?"

ఆమె ప్లేటులో అరటిపండు తీసి నాకిచ్చింది. "నాకిష్టం ఉండదు. నువ్వు తిను," అంది.

ఆమె నిజమే చెప్పిందో, బయట ఒంటరిగా నిలబడ్డవాణ్ణి చూసి ఏదో ఒకటి అందో, నాకు తెలియదు. ఇంటికొచ్చే దారంతా లెక్కవేసుకుంటూనే ఉన్నాను. చచ్చిపోయిన ముసలాళ్ళ మాటని ఎవరూ కాదనలేరు. నాతో ఆయన వాడినవన్నీ తన సొంత మాటలు. నేను కాదనగలిగినవి. కాదన్నాను కూడా, రోజూ. మర్నాడు మళ్ళీ ఇంకో మాట తయారుచేసుకుని వచ్చేవాడు, రాత్రి అన్నం ముందు కూర్చుని ఆలోచించుకుని. అంత పని ఆయన ఇంకెవరి కోసమూ చెయ్యలేదు. సరే. అయినా ఒక్కటి చెప్పి ఉండాల్సింది. ఇవాళ్టికీ అదే అంటాను.

శుక్రవారం షాపు తెరిచాం. మధ్యాహ్నానికి ఇద్దరు డ్రైవర్లు అరుచుకుంటూ లోపలికొచ్చారు. ఎయిర్‌పోర్ట్ క్యూలో ఒకడు నమాజుకి వెళ్ళిన టైంలో రెండోవాడు తన బండిని వాడి ముందుకు జరిపేశాడు. చాలాసేపు అరిచారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి ఆగిపోయి సీటు వైపు తిరిగారు. అలవాటు. అక్కడెవరూ లేరు. ఓనర్ ఫోన్ చూసుకుంటున్నట్టు తల దించుకున్నాడు.

చివరికి వాళ్ళలో పెద్దవాడు నన్ను చూశాడు. "నువ్వు పొద్దస్తమానం ఆయనతోనే ఉన్నావు కదా. ఒకటి చెప్పు."

"నా దగ్గర లేవు."

"ఒక్కటీ లేదా? ఇన్నాళ్ళూ నీకేం చెప్పాడు మరి?"

"పరీక్ష రాయమన్నాడు."

వాడు నవ్వాడు. రెండోవాడూ నవ్వాడు. తగువు తీరలేదు. టీ తాగి, రేపొచ్చి మిగతాది మాట్లాడుకుంటామని వెళ్ళారు. టీ నేనే కాశాను. చక్కెర ఆయన వేసినంత వేశాను. ఘోరంగా ఉంది. అయినా అందరూ తాగేశారు.

ఆయనతో నా ఆఖరి మాటలు సోమవారం సాయంత్రం. చేతులు కడుక్కుంటూ ఉన్నాను. పరీక్ష రాస్తే నీకు పోయేదేమిటని అడిగాడు. నువ్వు గెలుస్తావు, అదే నాకు పోయేది, అన్నాను. దీనికి రేపు చెప్తాను, అని కర్ర పట్టుకుని లేచాడు. ఏం చెప్పేవాడో ఎంత ఆలోచించినా తట్టడం లేదు. నేనింకా పరీక్షకి పేరు ఇవ్వలేదు. ఇస్తే ఆ వాదన అయిపోతుంది.

సీటు తీసేద్దామా, గది ఇరుకవుతోంది, అన్నాడు ఓనర్. వద్దన్నాను. తుడిచేటప్పుడు షాపు కుర్రాళ్ళెవరైనా చక్కగా ఉంటుందని బెల్టు కొసని బకిల్‌లో పెట్టబోతే అరుస్తున్నాను. అది సీటు పక్కన ఊరికే వేలాడుతోంది, ఆయన వదిలేసిన చోట. కంప్రెసర్ ఆన్ అయిన ప్రతిసారీ గోడ అదిరి, బెల్టు కొసనున్న ఇనుప ముక్క సన్నగా ఊగుతుంది. బకిల్ దాకా వచ్చి, తగలకుండా వెనక్కి పోతుంది.